తెల్ల పంచెలు సున్నం కొట్టినట్టు వస్తున్నాయి. 15 ఎంఎం మౌర్య విలుకాళ్లకు రంగు ఎలా వేయాలి?

బురుజు పక్క మందుల షాపు (కర్నూలు):

నాది కర్నూలు పాతబస్తీలో చిన్న మందుల షాపు. మధ్యాహ్నం రెండు దాటితే నాలుగున్నర దాకా ఈగలు తోలుకోవడమే. ఆ టైంలో కౌంటర్ కింది సొరుగు లాగి బొమ్మలకు రంగులు వేసుకుంటూ ఉంటాను. ఖాళీ మాత్రల షీటే నా పాలెట్. ఒక్కో గుంటలో ఒక్కో రంగు, పని అయ్యాక పారేయడమే. ఇన్సులిన్ సిరంజితో నీళ్లు చుక్కల లెక్కన కలుపుతాను. ఇంతవరకూ బాగానే ఉంది.

మా బావమరిది అనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. వాడి దగ్గర అలెగ్జాండర్ సైన్యం సిద్ధంగా ఉంది. డీబీఏ రూల్స్ ప్రకారం పన్నెండు స్టాండ్లు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, డీబీఏ అనేది 1990లో ఇంగ్లండ్‌లో వచ్చిన, బొమ్మ సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట. సైన్యానికి పన్నెండే స్టాండ్లు (కొన్ని బొమ్మలు కలిపి అతికించిన చిన్న పలకే స్టాండు), 15 ఎంఎం బొమ్మలకైతే ఒక్కో స్టాండు వెడల్పు 40 మిల్లీమీటర్లు, ఇంట్లో మామూలు బల్ల చాలు, గంటలో ఎవరు గెలిచారో తేలిపోతుంది. బొమ్మ నిలబడితే ఒక క్యాప్సూల్ నిలబెట్టినంత ఎత్తు. "దసరా సెలవులకు వస్తా బావా, జీలం ఒడ్డున తేల్చుకుందాం" అని వాడు సవాలు విసిరాడు.

నేను మౌర్యుల వైపు దిగడానికి కారణం ఎర్రగుడి. ఫిబ్రవరిలో గుత్తిలో పెళ్లికి పోయి, అట్నుంచి అశోకుడి బండల దగ్గర ఆగాం. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. పదమూడో దాంట్లో కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని ఊళ్లు వదిలించి తరలించారని అశోకుడే చెప్పుకుని బాధపడతాడు. నాకేమో మన కొండల దాకా వచ్చిన రాజు కదా, ఆయన సైన్యమే పెట్టుకుందాం అనిపించింది. రూల్స్ పుస్తకంలో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదిరించిన పోరస్‌కీ మౌర్యులకీ ఒకే జాబితా, కాబట్టి బావమరిదికీ అభ్యంతరం లేదు. మా అమ్మాయి మాత్రం "ఆయన యుద్ధం వద్దని రాయిస్తే, నువ్వు అది చూసొచ్చి యుద్ధం మొదలుపెట్టినావు నాయనా" అంది.

బొమ్మలు మెటల్‌వి. ఏనుగులు, రథాలు తర్వాత చూసుకుంటాను, ముందు విలుకాళ్లు, ఇరవై మంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీదికి పోయి, బండ్ల షాపులో కొన్న బూడిద రంగు ప్రైమర్ (అసలు రంగు కింద వేసే మొదటి పూత) స్ప్రే కొట్టాను. డబ్బాలో నుంచి బయల్దేరిన రంగు బొమ్మను చేరేలోపే దారిలో ఆరిపోయినట్టుంది. ఒళ్లంతా ఉప్మా రవ్వ చల్లినట్టు గరుకు. షాపులో సర్జికల్ స్పిరిట్‌కు కొదవేముంది, ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. సగం పోయింది. సగం మొహాల్లోనే ఉండిపోయింది, మశూచి వచ్చినట్టు.

బాగా వచ్చిన ఎనిమిది మందికి పంచె, తలపాగా తెల్లగా వేశాను. అచ్చం గోడకు సున్నం కొట్టినట్టే. ఒక పూత వేస్తే చారలు, రెండు వేస్తే మడతలన్నీ పూడిపోయాయి. ఒళ్లు రంగు కోసం ఖరీదైన సీసా తెప్పించాను, దాని మీద "ఫ్లెష్" అని ఉంది. వేస్తే మావాళ్లు లండన్‌లో విమానం దిగినట్టున్నారు. గులాబీ రంగు మనుషులకు సున్నం పంచెలు. చూసి మా ఆవిడ నవ్వలేక పక్కకు పోయింది.

తెలుపు ఎట్లా వేస్తారు? మన ఎండలో ఎవరైనా ఈ పని చేస్తున్నారా?


పాత కుంచె (అనంతపురం):

అన్నా, ముందు ఆ స్ప్రే డబ్బా పక్కన పెట్టు. మార్చి నుంచి జూన్ దాకా నేను దాన్ని ముట్టను. తప్పదంటే తెల్లవారి ఆరు లోపల, గాలి లేనప్పుడు, జానెడు దూరం నుంచి. ముసురు పట్టిన రోజు కూడా వద్దు, చివర్లో కొట్టే వార్నిష్ పొగమంచు కమ్మినట్టు తెల్లగా తేలుతుంది. మన దగ్గర కుంచెతో వేసుకునే ప్రైమరే మేలు, పల్చగా రెండు పూతలు. ఆ మొండి మొహాలకు పెయింట్ థిన్నర్ వాడు, బయట కూర్చుని, గ్లౌజులు వేసుకుని. మెటల్ కాబట్టి చెప్తున్నా. ప్లాస్టిక్ బొమ్మ అయితే కరిగి ముద్దవుతుంది.

ఇక తెలుపు. తెలుపును తెలుపుతో మొదలుపెట్టకూడదు. తెల్ల పంచెను దూరం నుంచి చూస్తే నువ్వు నిజంగా చూసేది మడతల్లో ఉన్న నీడను. ఆ నీడ లేకపోతే అది గుడ్డ కాదు, గోడే. నేను చేసేది ఇట్లా: పంచె మొత్తం ముందు మట్టి కలిసిన బూడిద రంగు వేస్తాను. తెలుపులో కొంచెం యెల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు), చిటికెడు నలుపు. తడిసిన గోనెసంచి రంగు వస్తుంది. అది ఆరాక అదే రంగులో ఇంకొంచెం తెలుపు కలిపి, మడతల గుంతలు వదిలేసి మిగతా అంతా. మూడోసారి దాదాపు తెలుపు, మడతల గట్ల మీద మాత్రమే. అసలైన తెలుపు మోకాలి మీద ఒక గీత, భుజం మీద ఒక గీత. అంతే, బొమ్మకు రెండు గీతలు.

తెల్ల రంగు చిక్కగా వేస్తే పొడి పొడిగా ఆరుతుంది. నీ సిరంజి ఉంది కదా, పాలలా జారేదాకా నీళ్లు కలుపు. కానీ మాత్రల షీటులో మన ఎండకు ఐదు నిమిషాల్లో పెచ్చు కడుతుంది. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద కేకులు కాల్చేటప్పుడు అడుగున వేసే బటర్ పేపర్ వేసుకో. రంగు దాని మీద కలుపు. మూత పెడితే మర్నాటికి కూడా తడిగా ఉంటుంది. ఫ్యాన్ సంగతి నేనేం చెప్పలేను. ఆపితే నువ్వు ఆరిపోతావు, వేస్తే రంగు ఆరిపోతుంది.

ఒళ్లు రంగుకు సీసా ఎందుకు? పిల్లల డ్రాయింగ్ రంగుల్లో బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్ అని రెండు గోధుమ రంగులు ఉంటాయి. రెండూ కలిపి నీ ముంజేయి పక్కన పెట్టి చూసుకో. చెయ్యి కన్నా ఒక మెట్టు ముదురుగానే ఉంచు.


పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

మా ఇంట్లో మూడు తరాలుగా బంగారం పని. నాకు బొమ్మలు అంటుకున్నది ఐదేళ్ల కిందట. రెండు మాటలు చెప్పిపోతా.

బొమ్మను వేళ్లతో పట్టుకోకండి సార్. చేతి చమట, నూనె అంటితే రంగు నిలవదు. మేము నగ చెక్కేటప్పుడు కర్ర కొనకు లక్క కరిగించి అందులో కూర్చోబెడతాం. బొమ్మకు అంత అక్కర్లేదు, మందు సీసా మూత మీద ఫెవికాల్ చుక్క వేసి అతికించండి, మూత పట్టుకుని తిప్పుకోవచ్చు. మీ దగ్గర మూతలకు కరువు ఉండదు. కంటికి పెట్టుకునే భూతద్దం మా బజారులో ఏ పనిముట్ల షాపులోనైనా దొరుకుతుంది. కానీ రంగు వేసేటప్పుడు రోజంతా వాడొద్దు. అద్దంలో బాగున్నది బల్ల మీద అసలు కనిపించదు. చివర్లో తప్పులు వెతకడానికి వాడండి.

రెండోది, కుంచె కొనను నాలుకతో తడిపి సూటిగా చేసుకునే అలవాటు ఉందా? మందుల షాపు వారికి నేను చెప్పాల్సి వస్తోంది, మానేయండి. పాత మెటల్ బొమ్మల్లో సీసం ఉంటుంది. ఆకురాయి పట్టినప్పుడు రాలే పొడి చేతుల మీద, బల్ల మీద, కుంచె మీద. చేతులు కడుక్కోకుండా టీ కూడా తాగకండి.

రథాల మీద బంగారు రంగు వేసే రోజున చెప్పండి. అది నేరుగా వేస్తే పెళ్లి మండపం అట్టముక్కలా ఉంటుంది. కింద ముదురు గోధుమ రంగు ఉండాలి.


నల్లరేగడి (ఆదోని):

సార్, మీరు తెలియకుండానే రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి మాటను తిరగేసి అడిగారు. అలెగ్జాండర్ నౌకాదళానికి పెద్ద అయిన నియార్కస్ ఇక్కడి మనుషుల గురించి రాసింది అరియన్ అనే గ్రీకు రచయిత ద్వారా మనకు దక్కింది. చెట్ల నుంచి తీసిన నారతో నేసిన బట్ట కడతారు, అంటే మన పత్తి. పిక్కల సగం దాకా ఒకటి, భుజాల మీద ఒకటి, తలకు చుట్టుకునేది ఒకటి. అక్కడే ఒక మాట అంటాడు: ఈ బట్ట మిగతా దేశాల బట్ట కన్నా నిజంగానే తెల్లగా ఉందో, లేక వీళ్ల ఒంటి నలుపు పక్కన అట్లా కనిపిస్తోందో అని. మీ సమస్యకు జవాబు అందులోనే ఉంది. పంచె తెల్లగా రాకపోవడానికి సగం కారణం మీ గులాబీ మనుషులు. ఒళ్లు ముదురు చేయండి, పంచెలో తెలుపు తగ్గించినా తెల్లగానే కనిపిస్తుంది. ఒళ్లు, బట్ట కలిసే చోట సన్నటి ముదురు గోధుమ గీత వదలండి. నలుపు వద్దు, కార్టూన్‌లా అవుతుంది.

తెలుపులోనూ రకాలున్నాయి. మా పత్తి మార్కెట్‌కు పొద్దున్నే బండి దిగే రైతులను వరసగా నిలబెట్టి చూడండి. చాకలి ఉతికి నీలిమందు పెట్టిన పంచెకు నీలి ఛాయ. కొత్త ముతక పంచెకు పసుపు ఛాయ. చేలో తిరిగిన పంచె మోకాళ్ల కింద నల్లరేగడి రంగే. మీ ఇరవై మందిలో ఐదుగురికి నీలి నీడ, మిగతా వాళ్లకు మట్టి నీడ పెట్టండి, అంచులు మురికి చేయండి. అందరికీ ఒకే తెలుపు వేస్తే బడి పిల్లల యూనిఫాంలా ఉంటుంది.

ఇంకో సంగతి, అదే చోట గడ్డాలకు రంగులు వేసుకుంటారని కూడా ఉంది. కొందరు తెలుపు, కొందరు ముదురు నీలం, ఎరుపు, ఊదా, గడ్డి పచ్చ కూడా! ఆయన చూసింది సింధు వైపు జనాన్ని, మన వైపు కాదు. అయినా ఒక్కడికైనా నీలి గడ్డం పెట్టకపోతే నేను ఒప్పుకోను.

విల్లు గురించి కూడా. విల్లు మనిషంత పొడుగు, ఒక కొన నేల మీద ఆనించి ఎడమ కాలితో తొక్కిపట్టి లాగుతారట. బాణం మూడు మూరలకు కొంచెం తక్కువ. మీ బొమ్మల్లో ఆ భంగిమ ఉంటే దాన్నే ముందు వరసలో పెట్టండి. తలపాగా ముడి ఎట్లుండాలో సాంచి దక్షిణ తోరణం మీద కుశినగరం ముట్టడి శిల్పంలో చూడొచ్చు. విలుకాళ్లు, ఏనుగులు, రథాలు అన్నీ ఉన్నాయి. కాలం మౌర్యుల తర్వాతిదే అయినా బొమ్మలు చేసేవాళ్లు ఎక్కువగా దాన్నే చూసి చేస్తారు.

ఏనుగులు కొనేటప్పుడు జాగ్రత్త. పెద్ద చెవులు, నడుం మధ్య కుంగి ఉంటే అది ఆఫ్రికా ఏనుగు. మనదానికి వీపు పైకి గూనిగా ఉంటుంది, నెత్తి మీద రెండు బుడిపెలు. పైన పెట్టెలు, బురుజులు అతికించకండి. మెగస్తనీస్ చెప్పింది మావటి కాక ముగ్గురు విలుకాళ్లు అని.


తొందర సుబ్బడు (కడప):

అందరికీ దండం. ఇరవై మందికి ఒక్కొక్కడికి నాలుగు తెలుపులు, నీలి నీడ, మట్టి నీడ, మురికి అంచు. దసరాకు కాదు, ఉగాదికి అవుతుంది. ఆట ఆడేటప్పుడు బొమ్మ కంటికి మూడడుగుల దూరంలో ఉంటుంది మామా! నేను చేసేది: పంచెకు మీగడ రంగు, పైన పల్చటి గోధుమ వాష్ ఒకటి, అది మడతల్లోకి తనే జారుతుంది, ఆరాక గట్ల మీద తెల్ల గీత ఒకటి. బొమ్మకు మూడు నిమిషాలు. ఒక్కో రంగు ఇరవై మందికీ వరసగా వేసుకుంటూ పో, ఇరవయ్యో వాడి దగ్గరికి వచ్చేసరికి మొదటివాడు ఆరి ఉంటాడు. ఎండను తిడుతున్నారు గానీ, మనకు అదొక్క లాభం.


పాత కుంచె (అనంతపురం):

తొందర సుబ్బడి సైన్యం నేను చూశాను. మూడడుగుల నుంచి బాగుంటుంది. రెండున్నర నుంచి చూడొద్దు.


బురుజు పక్క మందుల షాపు (కర్నూలు):

అందరికీ పేరుపేరునా. మూడు వారాలు పట్టింది జవాబు రాయడానికి, పని చేసి చెప్దామని.

అవును, నాలుకతో కుంచె తడిపేవాణ్ణే. రోజుకు నలుగురికి "భోజనానికి ముందు, తర్వాత" అని చెప్పే మనిషిని. మానేశాను. కౌంటర్ మీద తడి దూది పెట్టుకుని దాని మీద కొన తిప్పుతున్నాను.

థిన్నర్‌తో మొహాలు బయటపడ్డాయి. ప్రైమర్ కుంచెతో వేశాను. టిఫిన్ డబ్బా పాలెట్ అద్భుతం, ఒక్క ఇబ్బంది: మూడో రోజు మూత తీస్తే మా సైన్యం మొత్తానికి సరిపడా బూజు. నీళ్లు రోజూ మారుస్తున్నాను ఇప్పుడు.

ఒళ్లు రంగు బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్ సగం సగం కలిపి ముంజేతి పక్కన పెట్టి చూశాను. అచ్చం నేనే. ఒక మెట్టు ముదురు చేశాను, మా నాయన అయ్యాడు. ఆ రంగు వేసి, పంచె మీద ఇంకా గోనెసంచి రంగు ఉండగానే కొంచెం దూరం పెట్టి చూస్తే, అప్పటికే తెల్లగా కనిపిస్తోంది! ఆదోని సార్ చెప్పిన గ్రీకాయన మాట కళ్లముందు జరిగినట్టు అనిపించింది. నేను సీసాలో ఉన్న తెలుపు కోసం కొట్టుకుంటున్నాను, అది పక్క రంగులో ఉంది.

పద్ధతి మాత్రం రెండూ కలిపాను. వెనక వరసలకు సుబ్బడి గారి మీగడ, వాష్, ఒక గీత. ముందు వరసలో ఉన్న ఎనిమిది మందికి నాలుగు మెట్లు. వాళ్లలో కాలితో విల్లు తొక్కినవాడు ఒకడున్నాడు. వాడొక్కడితో రెండు మధ్యాహ్నాలు పోయాయి. పోత పోసినప్పుడు ఎడమ కాలూ విల్లూ కలిసి ఒకే ముద్ద అయ్యాయి, మధ్యలో సందే లేదు. ఎక్కడ కాలు ఆగి ఎక్కడ విల్లు మొదలవుతుందో నేనే నిర్ణయించాల్సి వచ్చింది. ముదురు గోధుమ గీత ఒకటి పై నుంచి పాదం దాకా దింపాను, గీతకు ఇవతల చర్మం, అవతల వెదురు రంగు. ఊపిరి బిగబట్టి గీత దింపుతుంటే ఎవరో వచ్చి గ్యాస్ మాత్రలు అడిగారు. చెయ్యి కదిలింది. పాదానికి ఆరో వేలు వచ్చింది. అలాగే ఉంచాను. నీలి గడ్డం కూడా వాడికే పెట్టాను.

నేల కోసం నల్లరేగడి జల్లించి ఫెవికాల్ నీళ్లలో కలిపి స్టాండ్ల మీద పూశాను. ఆరాక మన చేను పగిలినట్టే పగిలింది, ఒక స్టాండు మీద ముక్క ఊడి చేతికి వచ్చింది. తర్వాత తుంగభద్ర ఇసుక తెచ్చి కడిగి వేశాను, దాని మీద రంగు. అది నిలబడింది. పగిలిన స్టాండు పడేయలేదు, కరువు సీమ వాళ్ల స్టాండు అని పక్కన పెట్టా.

మొన్న ముందు స్టాండు రెండూ పూర్తిచేసి కౌంటర్ మీద ఆరబెట్టాను. బీపీ మాత్రల కోసం కల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటాడు, పంచె కట్టే మనిషి. చిల్లర లెక్కపెట్టుకుంటూ వంగి చూశాడు. ఏం బొమ్మలివి అని అడగలేదు. వేలితో ఒకణ్ణి వెనక్కి తిప్పి, "గోచీ వెనక దోపలేదేమప్పా? ఉరికితే జారిపోదా?" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. వెనక నడుం దగ్గర గోచీ దోపిన చిన్న గుబ్బ ఉంది, పోత పోసినవాడు సరిగ్గానే పెట్టాడు. నేను దాన్ని చర్మం అనుకుని ఒంటి రంగు వేసేశాను, ఎనిమిది మందికీ. ఈ మధ్యాహ్నం గోచీలు దోపుతున్నాను. నలుగురికి అయ్యాయి.